ఫోన్‌లో చల్లబడిన ఇంజన్

ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పళ్ళు తోముకుంటున్నాను. ఉదయం ఆరు దాటి పది నిమిషాలైంది. అవతల మాట్లాడుతున్నది కిడ్నీ మార్పిడి విభాగంలో కోఆర్డినేటర్. ఒక కిడ్నీ దొరికిందనీ, మా అక్కకి సరిపోయేలా ఉందనీ, పదకొండింటి లోపల ఆమెను తీసుకొచ్చి పరీక్షకి రక్తం ఇప్పించాలనీ, దారిలో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వొద్దనీ చెప్పింది. నోట్లో నురుగుతోనే సరేనన్నాను.

"ఇంకో మాటండీ," అంది ఆవిడ. "మీతోపాటు ఇంకొకళ్ళని కూడా రమ్మన్నాం. ఎప్పుడూ అలాగే పిలుస్తాం. ఒకళ్ళకి కుదరకపోతే ఇంకొకళ్ళు ఉండాలి కదా. లిస్టులో ముందున్నది మీ అక్కగారే. టైముకి వస్తే ఆవిడకే."

నోరు కూడా సరిగ్గా కడుక్కోకుండా పక్క వీధిలో ఉన్న అక్క ఇంటికి పరిగెత్తాను. మూడేళ్ళ రెండు నెలలు ఎదురుచూసిన ఫోన్ అది. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు అక్క డయాలిసిస్ మంచం మీద పడుకుంటుంది. ఎడమ చేతి నరం తాడులా ఉబ్బిపోయింది. ఆ చేత్తో బరువెత్తకూడదు, కుట్టుమిషను చక్రం తిప్పకూడదు. అక్క దర్జీ. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ పోతే, ఆ మిషను తొక్కే నన్ను చదివించింది. తనకి పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాటెత్తితే నన్ను చూపించి, "కనకుండానే వీడున్నాడుగా, చాలు" అనేది.

నేను వెళ్ళేసరికి అక్క కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతోంది. విషయం చెప్పాను. సూది గుచ్చిన చోటే ఆగింది.

"ఈ ఒక్క గుండీ అయిపోతే వస్తాను," అంది.

అదేదో ధైర్యమనుకోకండి. భయం వేస్తే అక్క చేతిలో పని వదలదు, అంతే. ఆ గుండీకి దారం ఏడెనిమిది చుట్లు ఎక్కువే చుట్టింది.

బావ అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు. "మలుపులో టాక్సీ అతనికి ఫోన్ కొడతాను. బండి కొత్తది. నాలుగు గంటల్లోపే దింపేస్తాడు," అన్నాడు.

"మన కారుండగా ఇంకొకడి కాళ్ళు పట్టుకోవడం ఎందుకు బావా? వాడు నిద్ర లేచి, మొహం కడిగి వచ్చేసరికి మనం సగం దూరంలో ఉంటాం," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఎవరి మీదికీ నెట్టడానికి లేదు.

కారు నాది, పద్నాలుగేళ్ళ పాతది. దానికి నేనొక చిన్న పరికరం తగిలించాను. అగ్గిపెట్టెంత ఉంటుంది. స్టీరింగు కింద, మోకాళ్ళ దగ్గర, మెకానిక్కుల కోసం వదిలిన సాకెట్ ఒకటుంటుంది. అందులో గుచ్చితే కారు లోపలి కంప్యూటరుకి తెలిసినవన్నీ బ్లూటూత్ మీద నా ఫోన్లోకి వచ్చేస్తాయి. ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, బ్యాటరీ ఎన్ని వోల్టులుంది, ఇంజన్ నీళ్ళు ఎంత వేడెక్కాయి, ఎక్కడ ఏ లోపం ఉంది, అన్నీ తెర మీద గడియారాల్లా కనిపిస్తాయి. హద్దు దాటితే కుయ్యిమంటుంది. మా కారులో వేడి చూపించే ముల్లు కూడా లేదు, ఎర్రదీపం ఒక్కటే. అందుకని ఫోనే మాకు దిక్కు.

నా వృత్తి సెల్‌ఫోన్లు బాగుచెయ్యడం. భూతద్దం కింద చీమ కాళ్ళంత ముక్కలు అతికిస్తుంటాను. "వేడెక్కుతోందండీ" అని కస్టమరు చెబితే నాకు లెక్కలేదు, మీటరు చెప్పాలి. మనిషి పొరపడతాడు, మీటరు పొరపడదు అని కొట్లో కూర్చున్న ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. అడగకపోయినా చెప్పేవాణ్ణి.

బావ ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. బండి నడుస్తుంటే తల ఒక పక్కకి వంచి వింటాడు. "బండికి నోరుందిరా, మనకే చెవుల్లేవు" అనేవాడు. నాలుగు నెలల కింద నేను ఫోన్ చూసి, చార్జింగు పన్నెండు వోల్టులు దాటడం లేదు, ఆల్టర్నేటర్ పోతోందన్నాను. బావ బానెట్ మీద చెవి పెట్టి విని, "బంగారంలా ఉంది" అన్నాడు. రెండో రోజు కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, ఆల్టర్నేటరే పోయిందన్నాడు. ఇంక చూడాలి నా సంబరం. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను, అదీ బావ ఎదురుగానే. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అప్పట్నుంచి కారు విషయంలో నాకు ఎదురు చెప్పడం మానేశాడు. ఏదైనా చప్పుడైతే "సైంటిస్టు గారేమంటారో" అని నా వైపు చూసేవాడు. వెటకారం అనుకున్నాను. కాదు, ఆయనకి నిజంగానే తన చెవుల మీద నమ్మకం పోయింది. పోగొట్టింది నేను.

ఏడు కొట్టకముందే బయల్దేరాం. బావ నడుపుతున్నాడు, పక్కన నేను, వెనక సీట్లో అక్క ఫైళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని. ఫోన్ అద్దం కింద స్టాండులో పెట్టాను. అన్నీ పచ్చగా ఉన్నాయి. పదిన్నరకి అక్కడుంటామని లెక్కేశాను.

మొదటి గంట పెళ్ళికి వెళ్తున్నట్టే ఉంది. "కిడ్నీ మారితే నాలిక బాగవుతుందట, ఇంక నా వంటకి వంకలు పెడుతుంది చూడు," అన్నాడు బావ.

"ఇప్పుడు పెట్టడం లేదని ఎవరన్నారు?" అంది అక్క.

"అన్నిటికన్నా ముందు ఏం చేస్తావక్కా?" అని అడిగాను.

"ఒక చెంబెడు నీళ్ళు తాగుతానురా. గ్లాసు కాదు, చెంబు. ఎవరూ కొలవకుండా," అంది.

ఆమెకి రోజుకి మూడు గ్లాసులే. మాత్రలకి ఒకటి పోను మిగిలేది రెండు. ఎండాకాలంలో తడిగుడ్డ నోట్లో పెట్టుకుని కూర్చునేది. బావ ఒక చేత్తో కళ్ళు తుడుచుకుని, "దుమ్ము" అన్నాడు. అద్దాలన్నీ మూసే ఉన్నాయి.

ఎనిమిదిన్నరకి అక్క ముందుకి వంగింది. "ఏదో తియ్యటి వాసన వస్తోందిరా. దగ్గుమందు లాంటిది."

అక్క ముక్కు గురించి చెప్పాలి. జబ్బు ముదిరిన దగ్గర్నుంచీ ఆమెకి అన్నీ వాసనలే. అన్నం ఇనుము వాసన, సబ్బు చేపల వాసన, కొత్తగుడ్డ తాను విప్పితే చచ్చిన ఎలుక వాసన. మొదట్లో ఇల్లంతా వెతికేవాళ్ళం. డాక్టరు నవ్వి, రక్తంలో మలినాలు పేరుకుంటే అలాగే అనిపిస్తుందన్నాడు. ఇంక ఆ తర్వాత ఎవరూ వెతకలేదు. "వాసన" అని ఆమె అనగానే "ఆఁ, వచ్చే ఉంటుందిలే" అనడం ఇంట్లో అలవాటైపోయింది. అందరికన్నా ఎక్కువగా నాకే.

ఫోన్ చూశాను. ఇంజన్ నీళ్ళ వేడి తొంభై ఒక్క డిగ్రీలు. మామూలే. "ఏం లేదక్కా," అన్నాను.

"నీకేమైనా తెలుస్తోందా?" అని బావనడిగింది. బావ గట్టిగా గాలి పీల్చి తల అడ్డంగా ఊపాడు. ముప్పై ఏళ్ళు ముక్కుపొడి పీల్చిన ముక్కు అది. దానికి పెట్రోలూ పన్నీరూ ఒకటే. నాకైతే ఉదయాన్నే నోరు కడుక్కోలేదేమో, టూత్‌పేస్టు వాసన తప్ప ఇంకేం తెలియలేదు.

పది నిమిషాలాగి అక్క మళ్ళీ అంది. "లేదురా, వస్తోంది. ఎక్కువైంది."

"అక్కా, నిన్న నీకు కొత్త సబ్బు కూడా కంపు కొట్టింది," అన్నాను. బావ నవ్వాడు. అక్క కూడా నవ్వింది. "అదీ నిజమేలే," అని తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి వాలింది. ఇంక ఆ మాట ఎత్తలేదు.

తొమ్మిదికి కొండదారి మొదలైంది. తొంభై ఏడు. నూట ఒకటి. ముందు ఒక లారీ పాకుతోంది, దాన్ని దాటడానికి జాగా లేదు. నూట నాలుగు దగ్గర బావ ఏసీ కట్టేసి హీటర్ పెట్టాడు. ఇంజన్ వేడెక్కినప్పుడు డ్రైవర్లు చేసే పాత చిట్కా అది. హీటర్‌లోకి వెళ్ళేవి ఇంజన్ నీళ్ళే కాబట్టి, ఆ వేడి కొంత మన మొహాల మీదికి వచ్చి ఇంజన్ తేలికపడుతుంది. ముగ్గురం చెమటతో తడిసిపోయాం. నూట ఆరు దగ్గర ఫోన్ కుయ్యిమంది.

"ఆపి చూద్దాంరా," అన్నాడు బావ.

"వేడి మీద రేడియేటర్ మూత తియ్యలేం కదా. చల్లారాలంటే అరగంట. అరగంట ఎక్కడుంది మనకి?"

నేనూ బెదిరిపోయాను, కాదనను. దాన్నే చూస్తున్నాను, రెప్ప వెయ్యకుండా. నూట ఏడు. నూట ఏడు. నూట ఐదు. కళ్ళు నులుముకున్నాను. నూట రెండు. తొంభై ఎనిమిది.

"తగ్గుతోంది బావా," అన్నాను. "తొంభై నాలుగు. తగ్గిపోయింది."

అక్క వెనక నుంచి నా భుజం నొక్కింది. ఆ క్షణంలో ఆ అగ్గిపెట్టె పరికరాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

బావ మాత్రం నవ్వలేదు. హీటర్ ముందు చెయ్యి పెట్టి చూశాడు. తీసి, మళ్ళీ పెట్టాడు. "గాలి చల్లగా వస్తోందిరా."

"రాదా మరి? ఇంజన్ చల్లబడింది, గాలీ చల్లబడింది."

"ఇంకా ఎక్కుతూనే ఉన్నాం కదురా. ఎత్తు మీద ఇంజన్ లాగుతుంటే హీటర్ గాలి చల్లబడటం నేనెప్పుడూ చూడలేదు."

"నీ బస్సుల్లో హీటర్లెక్కడివి బావా?"

ఉన్నాయి. ఆయన నడిపిన ఘాట్ బస్సుల్లో అద్దం మీద మంచు పోగొట్టే హీటర్లుండేవి. నాకు తెలుసు. నోటి దురుసు, అంతే. బావ తల పక్కకి వంచి వింటున్నాడు. మలుపు తిరగగానే ఎడమ పక్కన ఒక టీ కొట్టు కనిపించింది. కొట్టు ముందు కొళాయి కింద ఒకామె బిందె పెట్టింది, నీళ్ళు నిండి పొర్లుతున్నాయి. బావ కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీశాడు. కారు నెమ్మదించింది.

"ఒక్కసారి చూసి పోదాంరా. ఐదే ఐదు నిమిషాలు," అన్నాడు నా వైపు చూస్తూ. అడుగుతున్నట్టే అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు వందల మంది ప్రాణాలు చేత్తో పట్టుకుని నడిపిన మనిషి నన్ను అనుమతి అడిగాడు.

"ఎనభై ఎనిమిది బావా. చూడు, ఎనభై ఎనిమిది. టైము తొమ్మిదింపావు దాటింది. ఫోన్ చెబుతోంటే ఇంకా నీ అనుమానమేంటి? పోనీ."

పోనిచ్చాడు. కొళాయీ, బిందే వెనక్కి వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత ఎనిమిది నిమిషాలు. ముందు లాగడం తగ్గింది. ఆ వెంటనే ఇంజన్‌లో ఎవరో సుత్తి పెట్టి కొడుతున్నట్టు టక టకమని మొదలైంది. "కొడుతోంది," అన్నాడు బావ. ఆ మాట పూర్తయ్యేలోపే లోపల ఏదో బిగుసుకుని, కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. స్టీరింగు రాయిలా బరువెక్కితే రెండు చేతులతో తిప్పి రోడ్డు పక్కకి చేర్చాడు. చప్పుడంతా పోయింది. ఫోన్ తెర మీద డెబ్బై నాలుగు అని ఉంది, పచ్చ రంగులో.

బావ బానెట్ ఎత్తాడు. కాలిన ఇనుము వాసన గుప్పుమంది, దాని కింద తియ్యటి వాసన. దగ్గుమందే. ఇంజన్ నీళ్ళలో కలిపే కూలెంట్ వాసన అది. నాకూ తెలిసింది. తువ్వాలు చుట్టి మూత తిప్పాడు. బుస్సుమనాలి, ఆవిరి ఎగజిమ్మాలి. ఏమీ లేదు. వట్టి డబ్బా మూత తీసినట్టు వచ్చేసింది. లోపల చుక్క నీరు లేదు. ఇంజన్ వెనక, మనకి కనిపించని చోట, ఒక గొట్టం అతుకు ఊడి కారింది. ఎప్పట్నుంచి కారుతోందో. అక్కకి వాసన వచ్చినప్పట్నుంచే అయ్యుంటుంది. తాళం తిప్పితే ఇంజన్ కదల్లేదు.

ఇంక రోడ్డు మీద నేను చేసినవి చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అంబులెన్సుకి ఫోన్ చేశాను, కొండ కింద నుంచి రావాలి, గంటవుతుందన్నారు. టాక్సీ అతనికి చేశాను, "పొద్దున్నే చెప్పుంటే" అన్నాడు. వచ్చిన ప్రతి బండికీ చెయ్యి ఊపాను. ఆగలేదు. రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. ఒకడు బూతులు తిట్టి పక్క నుంచి పోయాడు. ఒక కారు అద్దం దించి, లోపల ఐదుగురున్నాం తమ్ముడూ అని చూపించి వెళ్ళింది. అక్క రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చుని ఫైళ్ళ సంచీ గుండెలకి హత్తుకుని నన్ను చూస్తోంది. తిట్టడం లేదు, ఏడవడం లేదు. నేను రోడ్డు మీదికి వెళ్ళినప్పుడల్లా మాత్రం, "పక్కకి రారా, గుద్దేస్తారు," అంటోంది. నలభై నిమిషాలు అలా పోయాయి. అడుసు తొక్కించింది నేను, బురద ఆమె కాళ్ళకి.

చివరికి ఆగింది ఒక పాల వ్యాన్. డ్రైవరు లావుపాటి మనిషి. దిగి, సంగతి విని, ఒకసారి బానెట్ లోకి తొంగి చూశాడు. నేనింకా చేతిలో ఫోన్ పట్టుకునే ఉన్నాను. "డెబ్బైకి వచ్చిందండీ, అసలు వేడే లేదు, చూడండి," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఎవరో ఒకరు నేను చేసింది తప్పు కాదనాలి, అంతే అయ్యుంటుంది.

అతను ఫోన్ చూసి, నన్ను చూశాడు. "నీళ్ళ వేడి చెప్పే సెన్సార్ నీళ్ళలో మునిగి ఉండాలి బాబూ. నీళ్ళే పోతే అది దేని వేడి చెబుతుంది? లోపల ఖాళీగా ఉన్న గాలి వేడి చెబుతుంది. ఇంజన్ కాలిపోతుంటే అది చల్లగా ఉందనే అంటుంది," అన్నాడు. తిట్టినట్టు కూడా అనలేదు. కొత్తగా వచ్చిన క్లీనర్‌కి చెప్పినట్టు చెప్పాడు. బావ అటు తిరిగి నిలబడ్డాడు.

ముందు ఇద్దరికే చోటు. అక్కా బావా ఎక్కారు. నేను వెనక ఖాళీ పాల క్యాన్ల మధ్య కూర్చున్నాను. కారు కొండ మీదే వదిలేశాం. దానికి తాళం వేసిన గుర్తు కూడా లేదు.

పదకొండింటికి కోఆర్డినేటర్ ఫోన్. ఎక్కడున్నారంది. చెప్పాను. "డాక్టరు గారిని అడిగి పదకొండూ ముప్పావు దాకా ఆపుతాను. తర్వాత నా చేతుల్లో ఉండదండీ. రక్తం పరీక్షకే గంటలు పడుతుంది. కిడ్నీ ఆగదు," అంది. కాళ్ళు పట్టుకున్నట్టే మాట్లాడాను. పాపం, ఆవిడా "అయ్యో" అంటూనే ఉంది. పాత వ్యాన్, ఎత్తు మీద పాకింది. కొండ దిగి చదును రోడ్డు ఎక్కేసరికి పదకొండున్నర. ఇంకా ఎనభై కిలోమీటర్లు.

పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువుండగా మళ్ళీ మోగింది. "సారీ అండీ. రెండో ఆవిడని లోపలికి తీసుకెళ్ళారు," అంది.

నాకూ ముందున్న వాళ్ళకీ మధ్య ఒక చిన్న అద్దం ఉంది. అందులోంచి అక్క వెనక జడ కనిపిస్తోంది. బావ చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, అడ్డొచ్చిన ప్రతి బండినీ తప్పుకోమని ఊపుతున్నాడు. వ్యాన్ డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. పరాయి మనిషి, మా కోసం ప్రాణాలకి తెగించి తోలుతున్నాడు. అద్దం మీద ఒక్కసారి తడితే చాలు, ఆపేస్తాడు. చెయ్యి ఎత్తాను. తట్టలేకపోయాను. గంటకి పైగా, అయిపోయిన పని కోసం వాళ్ళు ముగ్గురూ పరుగు తీస్తుంటే, నేను క్యాన్లు పట్టుకుని కూర్చున్నాను. నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాను. క్యాన్ల చప్పుడుకి ఎవరికీ వినపడి ఉండదు.

ఒంటిగంటా పదికి ఆస్పత్రి ముందు దిగాం. అక్క నా కోసం ఆగలేదు. సంచీ పట్టుకుని మెట్లెక్కింది. మూడేళ్ళలో ఆమె అంత వేగంగా నడవడం నేను చూడలేదు. "అక్కా," అని పిలిచాను. "తర్వాత, తర్వాత," అంది. రెండో అంతస్తులో బల్ల వెనక కోఆర్డినేటర్ లేచి నిలబడింది. అక్క ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే ఆ లేవడం చూసి ఆగిపోయింది. మాట ఏదీ అక్కర్లేకపోయింది. పక్కనున్న బల్ల మీద కూర్చుంది. బావ ఆమె పక్కన కూర్చున్నాడు. నేను కూర్చోలేదు.

ఆ బల్లకి అటు చివర ఒక పెద్దావిడ ఉంది. చెప్పులు లేవు. కంగారులో ఇంట్లోనే మర్చిపోయినట్టుంది. అక్క మొహం చూసి జరిగి దగ్గరకొచ్చింది. "మీవాళ్ళు కూడా లోపలున్నారా అమ్మా?" అనడిగింది.

"లేదండీ," అంది అక్క.

"మా అమ్మాయి. ఇరవై నాలుగేళ్ళు. గంటైంది తీసుకెళ్ళి." మాట్లాడకపోతే ఉండలేని స్థితిలో ఉంది ఆవిడ. "అసలు మాకు కాదమ్మా ఇది. ముందు ఇంకొకావిడని పిలిచారట. ఆవిడ వస్తే మమ్మల్ని ఇంటికి పొమ్మంటారు. పొద్దున్నించీ ఈ బల్ల మీద కూర్చుని ఆ మెట్ల వైపే చూస్తున్నాను. ఎవరెక్కొచ్చినా ఆవిడేనేమో అని గుండె జారిపోయేది. ఆవిడ రాకూడదు, రాకూడదు అని మొక్కుకున్నాను." గొంతు తగ్గించింది. "ఆవిడా ఎవరికో బిడ్డే కదా. నాకు పాపం తగులుతుందేమో అమ్మా."

బావ తల దించేసుకున్నాడు. అక్క ఆవిడ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది, ఆ ఉబ్బిన నరాల చేత్తోనే.

"తగలదండీ," అంది. "కన్నతల్లి ఇంకేం మొక్కుకుంటుంది?"

ఆవిడ ఆ చేతిని చూసింది. నరాల మీద సూదుల గుర్తులు చూసింది. తన కూతురికీ అవే గుర్తులుండి ఉంటాయి. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది ఆవిడకి. అక్క ఆవిడ చెయ్యి వదల్లేదు. నర్సు వచ్చి, లోపల అంతా సవ్యంగానే జరుగుతోందని ఆవిడకి చెప్పి వెళ్ళింది. "మంచిదమ్మా," అంది అక్క. మనస్ఫూర్తిగానే అంది, నాకు తెలుసు ఆమె గొంతు. ఆ మాట అంటూనే మొట్టమొదటిసారి ఏడ్చింది.

కాసేపటికి కోఆర్డినేటర్ ఫైలు పట్టుకుని వచ్చి మా ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ రోజు డయాలిసిస్ ఇక్కడే చేయిస్తానంది. "మీ పేరు లిస్టులో అలాగే ఉంటుందమ్మా, ఎక్కడికీ పోదు. మళ్ళీ ఏదైనా వస్తే ముందు మీకే ఫోన్ చేస్తాం. ఎప్పుడని మాత్రం చెప్పలేను." కాగితాలు తిప్పింది. "ఫోన్ నంబరు మీ తమ్ముడు గారిదే ఉంచమంటారా?"

అక్క కళ్ళు తుడుచుకుంది. నా వైపు తిరగలేదు.

"వద్దమ్మా. మా ఆయనది రాసుకోండి."

బావ నన్ను చూసి, అక్కని చూసి, తన నంబరు ఒక్కో అంకె చెప్పాడు. సగంలో తడబడి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఆవిడ నా నంబరు మీద గీత కొట్టి, పైన అది రాసింది.

అక్క లేవబోతూ ఆసరా కోసం నా భుజం మీద చెయ్యి వేసింది. "ఏమనుకోకురా," అంది.

"ఏం లేదక్కా," అన్నాను.